‘రామస్’ అన్నందుకు క్లాసంతా నవ్వింది

తన పేరు గానీ కాలేజీ పేరు గానీ బయటపెట్టవద్దని కోరుతూ ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. వాళ్లది కోనసీమలో ఒక లంక గ్రామం. నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. అమ్మ ఆరేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది, శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తుంది. అమ్మాయి పదో తరగతి దాకా ఊరి హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివింది. మొదటిసారి నీట్‌లో సరైన ర్యాంకు రాకపోతే మేనమామ డబ్బు కట్టి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించాడు. రెండోసారికి ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. ఆ రోజు ఊళ్లో వాళ్లు ఇంటికి వచ్చి మరీ అభినందించారట.

చేరిన నాలుగో నెలలో ఎముకల మీద వైవా, అంటే నోటి పరీక్ష, జరిగింది. సారు కింది దవడ ఎముకను చేతిలో పెట్టి, నిలువుగా పైకి లేచిన భాగాన్ని చూపించి ఇదేమిటని అడిగారు. ‘రామస్ సర్’ అంది. వెనక నుంచి నవ్వులు. ఆయన ‘రేమస్’ అని సరిదిద్ది, ఆ మాటకు అర్థం ఏమిటి, ఈ ముక్కకు ఆ పేరు ఎందుకు పెట్టారు అని అడిగారు. తెలియలేదు. ‘తెలుగు మీడియమా?’ అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం నుంచి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ అమ్మాయి పేరు ‘రామస్’ అయిపోయింది.

పన్నెండు రోజులుగా డిసెక్షన్ హాల్, అంటే శవాలను కోసి నేర్చుకునే గది, గడప తొక్కలేదని, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాసింది. ఇంటర్నల్స్ దగ్గరకొస్తున్నాయి. అర్థాలు గుర్తుండాలని నోట్సు పక్కన తెలుగులో రాసుకుంటుంటే, అలా చేస్తే ఎప్పటికీ బాగుపడవు, అన్నీ బట్టీ పట్టు అంటోందట రూమ్మేట్. ఈలోగా ఇంగ్లీషు పేపర్లో ఒక కోర్టు తీర్పు గురించి రాస్తూ ‘ర్యామిఫికేషన్స్’ అని వాడారు. నిఘంటువులో చూస్తే ‘పర్యవసానాలు’ అని ఉంది. దవడ ఎముకకూ కోర్టు తీర్పు పర్యవసానాలకూ ఒకే మాట ఎలా వచ్చిందో తెలియక మరింత గందరగోళపడింది. ‘ఈ మాటకు అసలు అర్థం ఏమిటో మీరైనా చెప్పండి. ఇది నా వల్ల కాదనిపిస్తోంది. మానేసి అగ్రికల్చర్ బీఎస్సీకి వెళ్లాలా? ఇంట్లో ఎలా చెప్పాలి?’ అని అడిగింది.

అమ్మా,

నేను ముప్ఫై ఏళ్లకు పైగా అనాటమీ పాఠం చెప్పి రిటైరయ్యాను. నా స్టూడెంట్లను ‘నువ్వు’ అని పిలిచే అలవాటు, నిన్నూ అలాగే పిలుస్తాను. సీటు ఉంచుకోవాలా వదులుకోవాలా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వడిగిన మాట సంగతి చూద్దాం. పన్నెండు రోజులుగా నిన్ను హాల్ బయట నిలబెట్టింది ఆ మాటే కదా.

నువ్వు పలికింది తప్పు కాదు. లాటిన్‌లో ఆ మాట ‘రాముస్’. ‘రా’ దీర్ఘం. రోమన్లు అలాగే పలికారు. ఇంగ్లీషు వాళ్లు తమ నోటికి అనువుగా దాన్ని ‘రేమస్’ చేసుకున్నారు. మన కాలేజీలు ఇంగ్లీషు దారిలో నడుస్తాయి కాబట్టి ఇక్కడా ‘రేమస్’ స్థిరపడింది. పరీక్షలో ఎగ్జామినర్ ఎదురుగా ‘రేమస్’ అనే చెప్పు, ఆయన చెవికి అలవాటైన మాట అది. కానీ రెండు వేల ఏళ్ల కిందటి రోము వాళ్లు మీ క్లాసులో కూర్చుని ఉంటే, వాళ్లకు సులువుగా అర్థమయ్యేది నీ ఉచ్చారణే.

అర్థం చాలా చిన్నది. రాముస్ అంటే కొమ్మ. అంతే. మామిడి కొమ్మ, వేప కొమ్మ అంటామే, ఆ కొమ్మ. కింది దవడ ఎముకను మళ్లీ ఒకసారి గుర్తు తెచ్చుకో. ముందు భాగం గుర్రపు నాడాలా వంగి అడ్డంగా ఉంటుంది. అది బాడీ. రెండు చివర్ల నుంచి రెండు పలకలు నిలువుగా పైకి లేస్తాయి. అడ్డంగా పడుకున్న మాను నుంచి పైకి లేచిన కొమ్మల్లా ఉన్నాయని వాటిని రాముస్ అన్నారు. ఇప్పుడే చెవి కింద వేలు పెట్టి, దవడ మూల నుంచి పైకి తడుముకుంటూ వెళ్లు. నీ వేలి కింద ఉన్నది ఆ కొమ్మే. దాని పైన ముందు వైపున్న మొనను కొరొనాయిడ్ అంటారు. గ్రీకులో కొరోనే అంటే కాకి. కాకి ముక్కులా ఉందని ఆ పేరు. కటి ఎముకలో ప్యూబిక్ రేమస్ ఉంది, అదీ కొమ్మే. వెన్ను నుంచి వచ్చే 31 జతల స్పైనల్ నరాల్లో ప్రతి ఒక్కటీ ముందుకో కొమ్మ, వెనక్కో కొమ్మ వేస్తుంది. యాంటీరియర్ రేమస్, పోస్టీరియర్ రేమస్ అంటున్నది వాటినే. ఒకటైతే రేమస్, ఎక్కువైతే రేమై. రేమై కమ్యూనికాంటీస్ అనే పేరు చూసి భయపడుతుంటారు మీ బ్యాచ్ పిల్లలు. ‘కలిపే కొమ్మలు’, అంతకంటే ఏమీ లేదు.

మన ‘రెమ్మ’ గుర్తొచ్చిందా? నాకూ మొదట అదే గుర్తొచ్చింది. ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు. రెమ్మ మన భాషలో పుట్టిన మాట, రాముస్ వాళ్లది. పోలిక కేవలం కాకతాళీయం. అయినా గుర్తుంచుకోవడానికి వాడుకో, తప్పు లేదు. నిజమైన చుట్టరికం మరొకటి ఉంది. లాటిన్‌లో వేరును ‘రాదిక్స్’ అంటారు. రాముస్, రాదిక్స్, ఇంగ్లీషు ‘రూట్’, ఈ మూడూ ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చాయని భాషల చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. అంటే కొమ్మకూ వేరుకూ పుట్టిల్లు ఒకటే. ఈ ముక్క నాకు చాలా ఇష్టం. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇక పేపర్లో చూసిన ‘ర్యామిఫికేషన్’. రాముస్‌కు ‘చేయడం’ అనే అర్థమున్న ఫాచెరె అనే క్రియను కలిపి, మధ్యయుగాల లాటిన్‌లో ‘రామిఫికారె’ అన్నారు. కొమ్మలు వేయడం అని అర్థం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. చెట్టు కొమ్మలు వేస్తుంది, రక్తనాళం కొమ్మలు వేస్తుంది, అలాగే ఒక నిర్ణయమూ కొమ్మలు వేస్తుంది. ఒక తీర్పు వచ్చిందనుకో, దాని వల్ల ఒకటి జరుగుతుంది, దాని నుంచి ఇంకో రెండు, వాటిలో ఒకదాని నుంచి ఎవరూ అనుకోనిది మరొకటి. నీ నిఘంటువు ‘పర్యవసానాలు’ అని ఇచ్చింది, అది తప్పు కాదు గానీ అందులో చెట్టు కనిపించదు. మన ‘శాఖోపశాఖలుగా విస్తరించడం’ దానికి అచ్చమైన జోడీ. ‘చిలవలు పలవలు’ అని మన పెద్దవాళ్లు అనే మాట ఇంకా దగ్గర, అవీ చిగుళ్లు, కొమ్మలే కదా. దవడ ఎముకలో ఉన్న కొమ్మే కోర్టు వార్తలోనూ ఉంది.

ఇంకో దగ్గరి మాట చెప్పి ముందుకు వెళతాను. 2014 జూన్ 2 తర్వాత మన రెండు రాష్ట్రాల్లో ‘బైఫర్కేషన్’ అనే మాట వినని ఆఫీసు లేదు. మీ నాన్న కూడా విని ఉంటారు. లాటిన్‌లో ఫుర్కా అంటే పంగ కర్ర, బై అంటే రెండు. రెండు పంగలుగా చీలడం బైఫర్కేషన్. రేపు నీకు ట్రకియా, అంటే ఊపిరి గొట్టం, బైఫర్కేషన్ వస్తుంది, పెద్ద ధమని అయోర్టా నాలుగో లంబార్ (నడుము) వెన్నుపూస దగ్గర రెండుగా చీలడం వస్తుంది. చిన్నప్పుడు ఉండేలుకు పంగల కర్ర వెతికినవాళ్లెవరికీ అందులో కొత్త ఏమీ ఉండదు. ట్రకియా చీలే చోట లోపల కనిపించే గట్టును కరైనా అంటారు. పడవ అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండే వెన్నుకర్రకు లాటిన్ పేరు అది. లంకల్లో పుట్టిన పిల్లవి, పడవను బోర్లించి ఉంచినప్పుడు చూసే ఉంటావు.

స్పెయిన్‌లో ఈస్టర్‌కు ముందు వచ్చే ఆదివారాన్ని ‘దొమింగో దె రామోస్’ అంటారు. ఆ రామోస్ మన రాముసే, కొమ్మల ఆదివారం అని. మన తెలుగు క్రైస్తవులు అదే రోజును మట్టల ఆదివారం అంటారు. మీ వైపు చర్చిలకు ఆ రోజు కొబ్బరి, తాటి మట్టలు కోసి తీసుకెళ్లడం చూసే ఉంటావు. నిజానికి కొబ్బరి చెట్టుకు కొమ్మలు ఉండవు, తల దగ్గర ఒక్కటే మొవ్వు. మట్ట అంటే ఆకే. ఆ సంగతి మీ నాన్నకు నాకంటే, నీ ప్రొఫెసర్ కంటే బాగా తెలుసు.

ఇన్ని ఎందుకు చెప్పానంటే, నీ ఉత్తరంలో ఒక మాట ఉంది. ‘ఇంగ్లీషు మీడియం వాళ్లకు ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయి, నాకు రావు’ అని రాశావు. ఇది నిజం కాదమ్మా. రాముస్ ఇంగ్లీషు మాట కాదు. లాటిన్ ఈ రోజు ఏ ఇంట్లోనూ అమ్మ బిడ్డతో మాట్లాడే భాష కాదు. ఒకప్పుడు యూరప్‌లో ఒకే భాగానికి దేశానికో పేరు, పుస్తకానికో పేరు ఉండేది. దాదాపు 50 వేల పేర్లు వాడుకలో ఉన్నాయని లెక్క. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు కూర్చుని వాటిని సుమారు 5 వేలకు కుదించి, లాటిన్‌లో ఒకే జాబితా చేశారు. జర్మన్‌కూ ఫ్రెంచికీ ఇంగ్లీషుకూ ఎవరి పేరు నెగ్గాలన్న పేచీ లేకుండా, ఎవరిదీ కాని భాషను తీసుకున్నారు. అందుకే ఆ భాష ముందు అందరూ కొత్తవాళ్లే. నిన్ను చూసి నవ్వినవాళ్లలో ఎంతమందికి రాముస్ అంటే కొమ్మ అని తెలుసు? నా అనుభవంలో ఏ బ్యాచ్‌లోనైనా చాలా తక్కువమందికి. వాళ్లకు ఆ ప్రశ్న పడలేదు, నీకు పడింది.

నాకు పడిన రోజు కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరి ఏడేళ్లయ్యాక, ఒక కుర్రాడు క్లాసులో లేచి ‘మేడమ్, రేమస్ అంటే ఏమిటి?’ అని అడిగాడు. మెడికల్ కాలేజీలో అయిదున్నరేళ్లు, తర్వాత పీజీ, ఆపైన ఏడేళ్ల పాఠాలు. నాకు తెలియదు. రేపు చెబుతానన్నాను. ఆ సాయంత్రం లైబ్రరీలో నిఘంటువు తీసి ‘కొమ్మ’ అని చూసినప్పుడు, నేను చదివిన పుస్తకమంతా మళ్లీ కొత్తగా తెరుచుకున్నట్టు అనిపించింది. మీ సారు నిన్ను అడిగిన ప్రశ్న నిజానికి చాలా మంచి ప్రశ్న. దాని వెనక ఆయన అన్న మాట తప్పు. ఈ రెంటినీ నువ్వు విడదీసి చూడాలి, లేకపోతే మంచి ప్రశ్న మీద కూడా నీకు భయం పుడుతుంది.

ఇప్పుడు వేరు, కొమ్మ సంగతి. త్వరలో మీకు బ్రేకియల్ ప్లెక్సస్ చెబుతారు. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక. రూట్స్, ట్రంక్స్, డివిజన్స్, కార్డ్స్, బ్రాంచెస్ అని రాత్రంతా బట్టీ పడతారు పిల్లలు. ప్లెక్సస్ అంటే లాటిన్‌లో అల్లినది, జడ అల్లడం లాంటి పని. అయిదు రూట్స్ ఉంటాయి, సీ5 నుంచి టీ1 దాకా, అంటే మెడ అయిదో నరం నుంచి ఛాతీ మొదటి నరం దాకా. అవి కలిసి మూడు ట్రంక్స్, అంటే మాన్లు. మూడూ ముందు పాయ, వెనక పాయగా చీలి ఆరు పాయలవుతాయి. ఆ ఆరూ మళ్లీ మూడు కార్డ్స్‌గా కలుస్తాయి. వెనక పాయలు మూడూ ఒక కార్డ్, ముందు పాయల్లో పై రెండూ ఒక కార్డ్, మిగిలిన కింది పాయ ఒక్కటే మూడో కార్డ్. రోజూ పొద్దున్నే జడ వేసుకునే అమ్మాయికి, ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా వసిష్ఠగా చీలి, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలిన చోట పెరిగిన అమ్మాయికి, ‘పాయ’ అనే మాట ఒక్కటి చాలు ఇదంతా కళ్లకు కట్టడానికి. ఇక్కడ గమనించు. ఈ అల్లికకు రూట్స్, అంటే వేర్లు అని పిలిచేవి ఏమిటో తెలుసా? స్పైనల్ నరాల యాంటీరియర్ రేమైలే. వెన్ను వైపు నుంచి చూస్తే కొమ్మలు, చేతి వైపు నుంచి చూస్తే వేర్లు. ఈ చోటే తికమకపడి ఎంతోమంది మార్కులు పోగొట్టుకోవడం చూశాను. రాముస్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు తికమకపడరు.

ఆ అల్లికలో కింది భాగం, సీ8, టీ1, దెబ్బతింటే చేతి వేళ్ల చిన్న కండరాలు పట్టు తప్పుతాయి. చెట్టు మీద నుంచి జారిపడుతూ ఒక చేత్తో కొమ్మను పట్టుకుని వేలాడినప్పుడు ఇలా జరుగుతుందని ప్రతి పుస్తకంలోనూ రాసి ఉంటుంది. దీన్ని క్లుంప్కే పెరాలిసిస్ అంటారు. 1885లో దాన్ని వివరించిన అగస్టా క్లుంప్కే, ఆడవాళ్లను పారిస్ ఆసుపత్రుల్లో ఇంటర్న్‌లుగా తీసుకోకూడదని పెద్ద గొడవ జరుగుతున్న రోజుల్లో అక్కడ చదువుకుంటున్న యువతి. మీ క్లాసులో మిగతావాళ్లు ఆ వాక్యాన్ని ఉదాహరణగా చదువుతారు. నువ్వు చదివేటప్పుడు మీ నాన్న గుర్తొస్తారు. ఈ సబ్జెక్టు నీకు దూరం అని నేను ఎలా ఒప్పుకోను?

తెలుగులో రాసుకోవడం గురించి అడిగావు. రాసుకో. కానీ ఒక హద్దు పెట్టుకో. పుస్తకం మొత్తాన్ని తెలుగులోకి మార్చుకోవాలని చూస్తే సమయం చాలదు, పరీక్షలో వాక్యం ఇంగ్లీషులో రాదు. ఆ మేరకు మీ రూమ్మేట్ భయంలో నిజముంది. కొత్త మాట ఎదురైన చోట మార్జిన్‌లో ఒక్క తెలుగు మాట రాయి. రేమస్ – కొమ్మ. ఫుర్కా – పంగ. ప్లెక్సస్ – అల్లిక. ట్రంక్ – మాను. మిగతా వాక్యమంతా ఇంగ్లీషులోనే చదువు, పైకి చదువు. రోజుకు ఒక పది నిమిషాలు రూమ్మేట్‌కు ఇంగ్లీషులో ఒప్పజెప్పు. బదులుగా ఆమెకు అర్థాలు నువ్వు చెప్పు.

ఇక మానేయడం. నీ ముందు మూడు దారులు ఉన్నాయి, మూడూ గౌరవమైనవే. ఏది ఎక్కడికి తీసుకెళుతుందో నాకు తెలిసినంత చెబుతాను, నిర్ణయం నీది.

ఈ వారమే హాల్‌కి తిరిగి వెళ్లడం మొదటిది. ప్రాక్టికల్స్‌కు 80 శాతం, థియరీకి 75 శాతం హాజరు కావాలి. పన్నెండు రోజులు పోయినా ఏడాదిలో సర్దుకోవచ్చు, నెల దాటితే కష్టం. మొదటి రెండు మూడు రోజులు నరకంలా ఉంటుంది, అది దాచను. నవ్వినవాళ్లు ఇంకోసారి నవ్వవచ్చు. ఒంటరిగా వెళ్లకు. నీ టేబుల్ దగ్గర ఉండే ట్యూటర్లలో కాస్త నెమ్మదిగా మాట్లాడేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, ముందురోజే వాళ్ల దగ్గరికి వెళ్లి ‘పన్నెండు రోజులు రాలేదు, ఏయే డిసెక్షన్లు పోయాయో చూపిస్తారా’ అని అడుగు. కారణం చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. అడిగిన పిల్లను పొమ్మన్న ట్యూటర్లను నేను పెద్దగా చూడలేదు.

రెండోది, వేగం తగ్గించుకుని ఉండటం. ఈ ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గుతాయని ముందే ఒప్పుకుని, వార్షిక పరీక్ష మీద దృష్టి పెట్టడం. ఫస్టియర్ గట్టెక్కడానికి ఇప్పటి నిబంధనల ప్రకారం నాలుగు అవకాశాలు ఉన్నాయి. సప్లిమెంటరీలో పాసైనవాళ్లు ఆ తర్వాత మంచి డాక్టర్లయ్యారు, నా స్టూడెంట్లలోనే ఉన్నారు. దీని వల్ల వచ్చే నష్టం, సప్లిమెంటరీ కూడా పోతే బ్యాచ్ మారాలి, స్నేహితులు పైకి వెళ్లిపోతారు, మేనమామకు చెప్పాల్సి వస్తుంది. లాభం, ఒక్కసారే అంతా మీద పడకుండా ఊపిరి పీల్చుకునే వీలు.

మూడోది, మానేయడం. ముందు నువ్వు చేరేటప్పుడు సంతకం పెట్టిన బాండు తీసి చదువు, మధ్యలో సీటు వదిలితే ఎంత కట్టాలో అందులో ఉంటుంది. సర్టిఫికెట్లు ఎప్పుడు తిరిగి ఇస్తారో ఆఫీసులో కనుక్కో. అగ్రికల్చర్ సీటు రావాలంటే ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి, అంటే ఇంకో ఏడాది. ఆ ఏడాది ఇంట్లో ఉంటే పెళ్లి మాట వస్తుందేమో, దానికి నువ్వు ఏం చెబుతావో కూడా ఇప్పుడే ఆలోచించు. ఇవన్నీ తెలిసి కూడా, రోగుల మధ్య, ఆసుపత్రిలో బతకడం నీకు ఇష్టం లేదనిపిస్తే, మానేయ్. అది ఓటమి అని నేను అనను. కానీ లాటిన్ నుంచి తప్పించుకోవడానికి మాత్రం వెళ్లకు. అగ్రికల్చర్‌లో మొదటి వారమే మీ పెరటి కొబ్బరిని కోకస్ న్యూసిఫెరా అనమంటారు. నర్సింగ్‌కు వెళ్లినా ఇదే రేమస్ ఎదురవుతుంది. నీ ఉత్తరంలో మొదటిసారి గుండెను చేతిలో పట్టుకున్న రోజు గురించి నువ్వు రాసింది చదివాక, ఈ చదువు నీకు ఇష్టం లేదని నాకైతే అనిపించలేదు. అయినా నాకంటే నీకు తెలుస్తుంది.

అవమానం సంగతిని ఈ నిర్ణయంతో కలపకు. అది వేరే లెక్క. మీ సారు అన్న మాట ఏ టీచరూ అనకూడనిది. ఆయనతో నేరుగా మాట్లాడే ధైర్యం ఉంటే, ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, ‘సర్, ఆ రోజు మీరడిగిన మాటకు అర్థం కొమ్మ. తెలుసుకున్నాను. తెలుగు మీడియం అని అందరి ముందూ అన్నప్పుడు బాధపడ్డాను’ అని చెప్పవచ్చు. కొందరు సిగ్గుపడి మారతారు, కొందరు మొహం ముడుచుకుంటారు. రెండోది జరిగే అవకాశం ఎక్కువనిపిస్తే మీ మెంటర్‌కు గానీ హెచ్‌ఓడీకి గానీ చెప్పు. గ్రూపులో పేరు పెట్టి ఏడిపించడం వేరు. అది ఆగకపోతే ర్యాగింగ్ కిందికే వస్తుంది. ముందు ఆ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. నీకు నమ్మకమున్న ఒక క్లాస్‌మేట్ చేత ‘ఇక చాలు’ అని ఆ గ్రూపులో చెప్పించు, చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వు, లేదా 1800-180-5522కు ఫోన్ చెయ్యి. ఫిర్యాదు ఇస్తే కొన్నాళ్లు అందరి చూపూ నీ మీద పడుతుంది, అది భరించే ఓపిక ఇప్పుడుందా అని చూసుకుని అడుగు వెయ్యి. ఇప్పుడు ఇవ్వకపోయినా తర్వాత ఇవ్వవచ్చు.

నిద్ర పట్టని రాత్రులు రెండు వారాలకు దగ్గరపడ్డాయి. దీన్ని టెన్షన్ అని వదిలేయవద్దు. 14416, టెలి మానస్ నంబరు, ఏ వేళకైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, చదువు సంగతి పక్కన పెట్టి అదే నిమిషంలో రూమ్మేట్‌ను లేపి చెప్పు, ఆ నంబరుకు ఫోన్ చెయ్యి. మీ కాలేజీ ఆసుపత్రిలోనే సైకియాట్రీ విభాగం ఉంటుంది, అక్కడికి వెళ్లడంలో దాచుకోవాల్సినది ఏమీ లేదు.

ఇంట్లో చెప్పడం గురించి. మానేస్తానని ఫోన్‌లో ఒక్కసారే అనకు, అంత దూరంలో ఉన్న అమ్మ ఆ మాట పట్టుకుని రాత్రంతా ఏం చేస్తుంది? జరిగింది చెప్పు. వైవాలో ఏం అడిగారు, ఎందుకు నవ్వారు, నువ్వు హాల్‌కి ఎందుకు వెళ్లడం లేదు, అంతవరకే. నాన్నకు కూడా నువ్వే చెప్పు, మామయ్య ద్వారా తెలియనివ్వకు. అమ్మ కువైట్ వెళ్లిన మొదటి నెలలో ఆవిడకు ఒక్క అరబీ ముక్క రాదు కదా. ఎవరి వంటింట్లోనో నిలబడి, ఏ గిన్నె అడిగారో తెలియక, ఎవరో నవ్వుతుంటే, ఒక్కో మాటా ఎలా పట్టుకుందో ఎప్పుడైనా అడిగావా? ఈ శుక్రవారం అడుగు. అక్కడ ఎక్కడ చూసినా ఖర్జూరపు చెట్లే కదా, ఖర్జూరపు మట్టను వాళ్లు ఏమంటారో కూడా అడిగి, నాకో కార్డు రాయి.